ఎండకు ఎక్కిన శ్రుతి

ప్రొద్దుటూరులో ఉన్న మా తమ్ముడికి ఒక పిచ్చి. బజారులో దొరికే వస్తువును ఇంట్లో తయారు చేస్తే గాని నిద్ర పట్టదు. కూతురు సంగీతం మొదలుపెట్టగానే శ్రుతిపెట్టె తానే కట్టాడు. షడ్జానికి ఒక 555 చిప్పు, పంచమానికి ఇంకొకటి, చిన్న స్పీకరు, చుట్టూ టేకు పెట్టె. తెల్లవారుజామున చల్లని వేళ శ్రుతి సరిచేసి మురిసిపోయాడు.

చిక్కల్లా వేసవిలో వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి సాధన. పిల్ల గొంతు శ్రుతికి అందడం లేదని తండ్రి రోజూ గదమాయింపు. పది రోజులకు పిల్ల పాడటమే మానేసింది.

పులివెందులలో పెళ్లికి వెళుతూ పెట్టెను కూడా వెంట తీసుకువెళ్లాడు. అక్కడ మా మేనత్త పిల్లను బతిమాలి పాడించి, హార్మోనియం మెట్టు నొక్కి చూసింది. "పిల్లదాన్ని ఊరికే కసిరినావు కదరా అబ్బీ! దాని గొంతు సరిగానే ఉండాది. నీ పెట్టే పైకి పోతాంది" అంది.

సంగతేమిటంటే, చిప్పు పలికే శ్రుతిని నిర్ణయించేవి ఒక రెసిస్టరు, ఒక కండెన్సరు. చౌకరకం పింగాణీ కండెన్సరు వేడెక్కేకొద్దీ విద్యుత్తును తక్కువగా పట్టుకుంటుంది. తొందరగా నిండుతుంది, తొందరగా ఖాళీ అవుతుంది. కంపనాలు పెరిగి శ్రుతి ఎక్కుతుంది. షడ్జమూ పంచమమూ కూడబలుక్కున్నట్టు కలిసే ఎక్కాయి గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

ఇందులో మావాడొక్కడే తెలివితక్కువవాడు కాదు లెండి. అమెరికాలో 1964లో రాబర్ట్ మూగ్ నిర్మించిన సింథసైజరు కూడా వేడికి శ్రుతి తప్పేది. అటువంటిది 1969లో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు వచ్చింది. అందులో ధ్వని పుట్టించే భాగం వేరు, దాన్ని వడకట్టే భాగం వేరు. కనుక చెడినదాన్ని మాత్రమే విప్పి బాగుచేయవచ్చు. మావాడేమో ముందు స్పీకరు మారుస్తానన్నాడు! జలుబు చేస్తే చెప్పులు మార్చినట్టు.

జమ్మలమడుగులో ఒక ముసలి రేడియో మెకానిక్కు పాత ట్రాన్సిస్టరు సెట్టు విప్పి స్టైరోఫ్లెక్సు కండెన్సరు ఒకటి ఇచ్చాడు. వేడి 15 డిగ్రీలు పెరిగినా అది 1000లో 2 పాళ్లు కూడా మారదు. పక్కపక్క స్వరస్థానాల మధ్య ఎడం 1000లో సుమారు 60 పాళ్లు గదా! అయితే టంకం వేడికి అదే కరిగిపోతుంది. అందుకని తీగను పటకారుతో పట్టుకుని, వేడి పటకారుకు పోయేట్టు అతికాడు. కండెన్సరు చిన్నది గనుక రెసిస్టరు పెద్దది కావలసివచ్చింది. కార్బన్‌ది తీసి మెటల్ ఫిల్ముది వేశాడు.

పంచమానికి తగిన కండెన్సరు ఇంకా దొరకలేదు. మెకానిక్కు మరో పాత రేడియో విప్పేదాకా పిల్ల షడ్జం ఒక్కటే పెట్టుకుని పాడుతోంది. తండ్రి పక్క గదిలో కూర్చుని, నోరు మెదపకుండా వింటున్నాడట.