కారు మీద 05 ఎందుకు రాసిండు?

మన హాస్టల్లో రేసు అంటే చెవి కోసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల రేసు జరిగినప్పటి నుంచి ఆ పిచ్చి ఇంకా ఎక్కువైంది. ఎంత జోరుగా తోలితే అంత మొనగాడు అనే మాట నేను రోజూ వింటున్నాను. ఆ మాట తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో ఒక పెద్ద రేసు డ్రైవర్ జీవితంతోనే చెప్తాను.

ఆయన పేరు పీటర్ బ్రాక్. ఆస్ట్రేలియా దేశస్థుడు. 1945లో పుట్టిండు. చిన్నప్పుడు ఆయనకు దొరికిన మొదటి పాత కారుకు బ్రేకులే లేవట. దాని పై డొక్కును గొడ్డలితో నరికేసి, దాన్ని తిప్పి తిప్పి కారును అదుపులో పెట్టడం నేర్చుకున్నడు. తర్వాత ఆయన పేరు తెచ్చుకున్నది టూరింగ్ కార్ల రేసులో. అంటే జనం కొనుక్కుని తిరిగే కార్లలాంటి వాటినే రేసుకు తయారు చేస్తారు.

బాథర్స్ట్ అనే ఊళ్లో కొండ మీద 6 కిలోమీటర్ల పైచిలుకు చుట్టు రోడ్డు ఉంది. అక్కడ ఏటా పెద్ద రేసు పెడతారు. 1973 నుంచి అది 1000 కిలోమీటర్ల రేసు. మనం మేళ్లచెరువు నుంచి హైదరాబాదుకు రెండుసార్లు పోయి వచ్చినా అంత దూరం కాదు. బ్రాక్ 1972 నుంచి 1987 లోపల ఆ రేసును 9 సార్లు గెలిచిండు. 1979లో అయితే రెండో కారు కంటే 6 చుట్లు ముందున్నడు. జనం ఆయనను కొండకు రాజు అని పిలిచేవారు.

అంతటి మనిషి కారు మీద ఉన్న నంబరు 05. నేను మొదట కలిసొచ్చే నంబరేమో అనుకున్నా. సాంఘికశాస్త్రం సారు చెప్తే తెలిసింది. అక్కడ బండి నడిపేవాడి నెత్తురులో మద్యానికి హద్దు 0.05 శాతం. అంటే 100 మిల్లీలీటర్ల నెత్తురులో 50 మిల్లీగ్రాములు. తాగి బండి నడపొద్దని చేసిన ప్రచారం కోసం 1970లలో ఆయన ఆ నంబరు వేసుకున్నడు. మనం గోడ మీద పత్రిక పెట్టినట్టు ఆయన తన కారునే పత్రిక చేసిండు.

ఇంకో సంగతి. ఆ కొండ రోడ్డు రేసు లేని రోజుల్లో మామూలు రోడ్డే. అప్పుడు అక్కడ 60 కిలోమీటర్ల వేగం దాటరాదు.

ఇప్పుడు మన సంగతి. పోయిన దసరా సెలవులకు మేము తొమ్మిదిమందిమి తండాకు పోయే ఆటో ఎక్కినం. తోలే మామ దగ్గర వాసన వస్తున్నది. నాకు తెలిసింది. పెద్దోళ్లను ఎట్లా అడగాలె అని నోరు తెరవలేదు. సిమెంటు లారీని దాటబోయి ఆటో పక్కకు ఒరిగింది. నా పక్కన కూర్చున్న ఆరో తరగతి తమ్ముడి కుడి చెయ్యి విరిగింది. పాపం, చాలా రోజులు స్పూనుతో ఎడమ చేత్తో అన్నం తిన్నడు. ఆ మామ చెడ్డోడు కాదు, మా ముందర ఏడ్చిండు. కానీ ఆ ఏడుపుతో చెయ్యి అతుక్కోదు కదా.

మన దేశంలో హద్దు ఇంకా తక్కువ, 30 మిల్లీగ్రాములే. 2019లో చట్టం మార్చిన తర్వాత మొదటిసారి దొరికినా 6 నెలల దాకా జైలు, లేకపోతే 10,000 రూపాయల జరిమానా, లేకపోతే రెండూ. చట్టం మంచిదే. కానీ తండా బాటలో ఊదించి చూసేవాళ్లు ఎవరున్నారు?

కొందరు మిత్రులు, అంత చెప్పిన బ్రాక్ కూడా కారులోనే చనిపోయిండు కదా అన్నారు. నిజమే. 2006 సెప్టెంబర్ 8న పెర్త్ దగ్గర జరిగిన ర్యాలీలో ఆయన కారు చెట్టుకు గుద్దుకుంది. అప్పటికి 61 ఏళ్లు. నేను అడిగేది ఒక్కటే. 9 సార్లు గెలిచిన చెయ్యే ఒకరోజు తప్పితే, తాగిన చెయ్యిని నమ్మి మనం ఎట్లా కూర్చుంటాం?

శివరాత్రి జాతరలో ఎడ్ల పందాలు అందరం చూస్తాం. బండ లాగేటప్పుడు తాగి తూలేవాడి చేతికి ఏ ఆసామి అయినా తన ఎడ్లను అప్పగిస్తడా? మనం ఎడ్ల కన్నా తక్కువనా?

వార్డెన్ సారు గారికి నా మనవి. సెలవులకు పంపేటప్పుడు మీరు రిజిస్టరులో సంతకం తీసుకుంటున్నారు. దాంతోపాటు బండి తోలే మనిషితో గేటు దగ్గర రెండు మాటలు మాట్లాడండి. వాసన వస్తే మమ్మల్ని ఆపండి. ఆలస్యమైనా బస్సుకే పోతాం.

మిత్రులారా, మనం కూడా "మామా, నేను ఎక్కను" అనాలె. పోయినసారి నేను అనలేదు. ఈసారి అంటాను.

గేటు పక్క గోడ మీద ఒక నంబరు రాద్దామని నా కోరిక. మన చట్టం ప్రకారమైతే 03 అని రాయాలె. కానీ పిల్లలు ఎక్కే బండికి 00 ఉండాలని నా అభిప్రాయం. సారు ఒప్పుకుంటే రంగు, బ్రష్ నేను తెస్తా.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి