మైళ్లు గాదు, నిమిషములు

శ్రీరంగాపురమున నొక రైతు గడ్డివామికి నిప్పంటుకొనినదనుకొందము. ఊరివారు బిందెలతో నీళ్లు మోయుచుందురు. ఒకరు 101 సంఖ్యకు టెలిఫోను చేయుదురు. బండి బయలుదేఱినదని జవాబు వచ్చును. అది మొదలు అందఱి చూపులును రోడ్డుమీదనే యుండును. ఆ యెదురుచూపున కెంతకాలము పట్టును? ఈ ప్రశ్నకు నిప్పంటిన దినమున గాక ముందుగానే సమాధానము సిద్ధముగా నుండవలయుననియు, ఆ సమాధానమును ప్రజలయెదుట నుంచుట ప్రభుత్వమువారి విధియనియు మా యభిప్రాయము.

గడువు లేకపోలేదు. అగ్నిమాపక విషయములందు కేంద్ర ప్రభుత్వమునకు సలహానిచ్చు స్థాయీ సలహాసంఘము పట్టణములకు 5 మొదలు 7 నిమిషములును, గ్రామములకు 20 నిమిషములును సూచించియున్నది. ఈ 20 నిమిషముల కర్థమేమో పాఠకులే లెక్కచూతురుగాక. కబురు విని, యూరుపేరు వ్రాసికొని, సిబ్బంది శకట మెక్కుటకు 2 నిమిషములు పోయినవనుకొందము. మిగిలినవి 18. నీటితో నిండిన బరువుబండి మన రోడ్లపై సగటున గంటకు 40 కిలోమీటర్లు నడచినచో, ఆ కాలములో 12 కిలోమీటర్లు పోగలదు. గతుకులవలన 30 కిలోమీటర్లే నడచినచో 9 మాత్రమే. అనగా స్టేషనునుండి రోడ్డువెంట 12 కిలోమీటర్లకు మించిన గ్రామమునకు, సిబ్బంది యెంత సాహసవంతులైనను, గడువులోపల జేరుట దుర్లభము. వనపర్తి పట్టణమునుండి పెబ్బేరు మీదుగా శ్రీరంగాపురమునకు వచ్చు మార్గము ఈ హద్దును దాటియేయున్నది. పెబ్బేరులోనే శకటము నిలిచియున్న దినమున లెక్క మాఱును. బండి యెచ్చట నిలుచునన్నదే ముఖ్యము; ఎన్ని బండ్లున్నవన్నది దాని తరువాతి మాట.

కొందఱధికారులు పటముపై కొలబద్ద పెట్టి దూరము చెప్పుదురు. అగ్నిశకటము పక్షివలె ఎగిరిపోదు గదా! వనపర్తి సీమకును గద్వాల సీమకును నడుమ కృష్ణానది పాఱుచున్నది. ఏటి యావలి గట్టుననున్న యూరు కంటికెంత దగ్గఱయైనను, బండి బీచుపల్లి వంతెన వంటి దాటుచోటికి చుట్టిపోవలసినదే. రంగసముద్రము చెఱువు సంగతియు నంతియే. దాని కావలనున్నవారికి శ్రీరంగనాయకస్వామివారి గోపురము కానవచ్చును గాని, రోడ్డు చెఱువును చుట్టియే వచ్చును. స్వామివారి యుత్సవ దినములలో జనమును బండ్లును దుకాణములును మార్గమును గ్రమ్మును. ఎండకాలమున 10 నిమిషములు పట్టు మట్టిబాట వానకాలమున నెంత పట్టునో యెడ్లబండి తోలువా డెఱుగును, పట మెఱుగదు.

ఈ లెక్క వేయుట నేడు కష్టసాధ్యము గాదు. రోడ్ల కూడలులను బిందువులుగను, వాని నడుమ పట్టు నిమిషములను రేఖలకు విలువలుగను వ్రాసికొన్నచో, అన్నిటికంటె త్వరితమైన మార్గమును గనుగొను పద్ధతిని నెదర్లాండ్సు దేశస్థుడగు డైక్‌స్ట్రా పండితుడు 1959 లోనే ప్రకటించెను. ఉన్న కొద్ది శకటములతో గడువులోపల నెక్కువమంది కందునట్లు స్థలముల నెన్నుకొను పద్ధతిని చర్చి, రెవెల్ అను నమెరికా పండితులు 1974 లో వెలువరించిరి. నేడు సామాన్యమైన కంప్యూటరుపై జిల్లాలోని యూళ్లన్నిటికిని ఈ లెక్క గట్టవచ్చును. కావలసినది సంకల్పము, దానితోబాటు నిజమైన కొలతలు.

కొలతలు నిజము గానిచో లెక్కయే కీడు చేయును. న్యూయార్కు నగర చరిత్ర యిందుకు సాక్షి. 1970 ప్రాంతములందు రాండ్ సంస్థ పండితులు అచ్చటి శకటముల నడకను గొలిచి, దగ్గఱి ప్రయాణములలో కాలము దూరముయొక్క వర్గమూలము ననుసరించియు, దూర ప్రయాణములలో దూరము ననుసరించియు బెరుగునని తేల్చిరి. ఇది చక్కని శాస్త్రమే. కాని యా సంస్థ లెక్కల యాధారమున 1972 మొదలు కొన్ని దళములను మూసివేయగా, ఆ దెబ్బ పేదల వాడలపై పడినదనియు, వీధులలోని రద్దీని లెక్క సరిగా పట్టించుకొనలేదనియు విమర్శకులు నిందించిరి. ఖర్చు తగ్గించుటకు లెక్క యొక సాకు గారాదు. సగటు బాగున్నదని చెప్పి కడపటి పల్లెను మఱచుట న్యాయము గాదు.

శకటము త్వరగా వచ్చినంతనే యన్నియు చక్కబడునని మేము చెప్పము. 2013 అక్టోబరు 30 వ తేదీ వేకువజామున మన కొత్తకోటయొద్ద పాలెమున బస్సు కల్వర్టును ఢీకొని దగ్ధమై 45 మంది మరణించుట యీ ప్రాంతమువా రెవ్వరును మఱవలేదు. అట్టి జ్వాలకు నిమిషముల గడువు సైతము దీర్ఘమే. అచ్చట వలసినది ప్రమాదము రాకుండ జేయుట, తలుపులు తెఱచుకొనునట్లు చేయుట. కాని గడ్డివామి, గుడిసె, పత్తిగోదాము, దుకాణము ఇట్టివి వేఱు. వీనియందు పావుగంట తేడా యొక యిల్లు కాలుటకును ఒక వాడ కాలుటకును గల తేడా.

ధనము లేదను మాట వినబడవచ్చును. పదునైదవ ఆర్థికసంఘము సిఫారసును బట్టి రాష్ట్రములలోని అగ్నిమాపక శాఖల విస్తరణకు 5,000 కోట్ల రూపాయలతో కేంద్రమువారు 2023 లో నొక పథకమును ప్రారంభించిరి. పైగా మేము కోరునది ఊరికొక స్టేషను గాదు. కోతల కాలమునను, ఎండలు ముదిరిన దినములందును ఒక శకటమును లెక్కలో తేలిన కూడలియందు నిలుపుట. రంగసముద్రము వంటి చెఱువులలో బండి నీటిదాక దిగి ట్యాంకు నింపుకొనుటకు వాలుదారి కట్టుట. ప్రతి పిలుపునకు కబురందిన వేళ, బయలుదేఱిన వేళ, చేరిన వేళ, ఈ మూడింటిని పుస్తకమున వ్రాసి ప్రకటించుట. ఈ మూడవది లేనిదే మొదటి రెండును ఊహలే యగును. మూడవదాని కగు ఖర్చు ఒక పుస్తకమును, ఒక గడియారమును.

ప్రజలకును విధి గలదు. గడ్డివాములను ఇండ్లకు దూరముగా వేయుట, బండి వచ్చు సందును ఆక్రమింపకుండుట, కబురు చెప్పువాడు ఊరిపేరుతోబాటు ఏ దారి తెఱపియున్నదో చెప్పుట, శకటము వచ్చులోపల నిప్పును హద్దులో నుంచగల పదిమంది యువకులను ప్రతి గ్రామమున తరిఫీదు చేయుట, ఇవి మన చేతిలోని పనులు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మన సామెతలో నవ్వులపాలైన పని. ఇల్లు కాలుచుండగా దారి వెదకుటయు నట్టిదే. 2016 లో శ్రీరంగాపురము మండలకేంద్రమైనది. కచేరీ వచ్చినది, బోర్డు వచ్చినది. ఇక ప్రతి పంచాయతీ గోడపై మఱియొక బోర్డు రావలయును. దానిపై నొక్క పంక్తి చాలును: ఈ యూరికి అగ్నిశకటము చేరుటకు పట్టు నిమిషము లిన్ని. ఆ సంఖ్య 20 కి మించిన ప్రతి యూరిలోను, ఎందుకు మించినదని యడుగు హక్కు పౌరునికి గలదు. జవాబు చెప్పు బాధ్యత జిల్లా యధికారులది.