ఆ ‘సుమారు’లో ఎవరెవరు?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సాంఘికశాస్త్రంలో ప్రాజెక్టు పనికి 5 మార్కులు. ‘మీ కుటుంబం చూసిన ఒక చారిత్రక సంఘటన’ గురించి రాయమన్నారు. ఆ 5 మార్కుల పని మా ఇంట్లో మూడు వారాలు నడిచింది. ఈ వారం ఆ సంగతే రాస్తున్నాను. కన్నతల్లిని కాబట్టి మాటల్లో మురిపెం ఎక్కువైతే ఎక్కువవనివ్వండి, దాచుకోవాలని నాకు లేదు.

తను ఎంచుకున్నది 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. మా అమ్మది దివిసీమలోనే, నాగాయలంక దగ్గర పల్లె. పిల్ల మొదట నెట్‌లో చూసి రెండు పేజీలు నింపింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి, తాటిచెట్టెత్తు కెరటాలు, సుమారు 10 వేలమంది మృతి. అక్కడ ఆగి, “సుమారు అంటే ఏంటమ్మా? ఎవరెవరో ఎవరికీ తెలీదా?” అంది.

నేను ఉప్పెన తర్వాత పుట్టినదాన్ని. మా ఇళ్ళల్లో ఉప్పెన అంటే కాలానికి గుర్తు. ‘ఉప్పెనకి ముందు కట్టిన ఇల్లు’, ‘ఉప్పెనైన మరుసటేడు పెళ్ళి’ అంటూ చెప్పుకునేవాళ్ళు. అంతకుమించి అమ్మ చెప్పలేదు, మేమూ అడగలేదు. 10 వేలు అన్న అంకె ఎన్నిసార్లు చదివానో. అందులో ఎవరెవరున్నారని ఒక్కసారీ తట్టలేదు నాకు.

అప్పుడు అమ్మ హైదరాబాదులో మా దగ్గరే ఉంది. పిల్ల ఫోనులో రికార్డింగు పెట్టి, “ఉప్పెన గురించి చెప్పు అమ్మమ్మా” అంటే, “ఏముందే, వచ్చింది, పోయారు” అని ఊరుకుంది. మర్నాడు పిల్ల ప్రశ్న మార్చింది. “ఆ రోజు పొద్దున ఏం వండావు?”

“ఎక్కడ వండాను? ముందురోజు నించీ ముసురు. కట్టెలు తడిసి పొయ్యి అంటుకోలేదు. చద్దన్నంలో మజ్జిగ పోసుకున్నాం” అని మొదలుపెట్టిన మనిషి రెండు గంటలు ఆగలేదు. కోతకొచ్చిన సార్వా చేలు, కట్టు విప్పినా కదలని గేదె, ఊరికంతటికీ ఉన్న ఒక్క డాబా మీదికి ఎక్కినవాళ్ళు, ఎక్కలేకపోయినవాళ్ళు. ఉప్పగా మారిన బావినీళ్ళ గురించి చెబుతూ అమ్మ ఇప్పుడే తాగినట్టు మొహం పెట్టింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. నలభై ఏళ్ళు దాటిన దాన్ని, మా అమ్మ కథ మొదటిసారి వింటున్నాను.

నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని అడిగితే అమ్మ తలెత్తి, “అదుగో, ఆ ఫ్యాను రెక్కల దాకా” అంది. పిల్ల వెంటనే స్టూలెక్కి టేపు పెట్టి కొలిచింది. 8 అడుగుల 4 అంగుళాలు. అమ్మకు తేదీ గుర్తులేదు. “నాగులచవితికి పుట్టలో పాలు పోసొచ్చాం, వారం తిరక్కుండానే” అంది. పిల్ల 1977 పంచాంగం తిరగేసింది. చవితి ఉప్పెనకు నాలుగైదు రోజుల ముందే వచ్చింది. ‘అమ్మమ్మ మాట సరిపోయింది’ అని రాసి, ఎలా సరిచూసిందో కింద వివరించింది. ఆ నాలుగు లైన్లూ నేను ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

మన బళ్ళలో ప్రాజెక్టంటే స్టేషనరీ షాపులో కొన్న బొమ్మల చార్టు, అట్టకు మెరుపు కాగితం, అర్ధరాత్రి దాకా అమ్మో నాన్నో దిద్దిన అక్షరాలు. నీటుగా ఉంటే పూర్తి మార్కులు. పిల్లలను తప్పు పట్టను, మనం అడిగింది అదే. పిల్ల ఎవర్ని ఏ ప్రశ్న అడిగిందో చూసి మార్కులు వేసే రోజు రావాలి. ఉప్పెన చూసినవాళ్ళలో అప్పటి పాతికేళ్ళవాళ్ళు ఇప్పుడు డెబ్భై దాటారు. తెలంగాణ సాయుధపోరాటం చూసినవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు. ఈ పని వాయిదా వేయడానికి లేదు.

ఆఖరి పేజీకి పిల్ల ‘ఆ సుమారులో మాకు తెలిసినవాళ్ళు’ అని పేరు పెట్టింది. అమ్మ తలుచుకుని తలుచుకుని పన్నెండు మందిని చెప్పింది. పదకొండు పేర్లు, వాటి పక్కన వయసులు, చేసే పనులు. పన్నెండో వరసలో ‘కొత్త కోడలు. కాపురానికొచ్చి నెల కాలేదు. పేరు తెలియదు’ అని ఉంది.

సోమవారం పుస్తకం బళ్ళో ఇచ్చేసింది. అమ్మ అంతకు ముందే ఊరెళ్ళిపోయింది. బుధవారం పొద్దున్నే ఫోను. “దాన్ని పిలు. ఆ పిల్ల పేరు కనుక్కున్నాను. వాళ్ళ ఆడపడుచు కోడూరులో ఉంటే మనిషిని పంపి అడిగించా” అంది.

బడి బస్సు వచ్చేసింది. పుస్తకం టీచరు దగ్గరుంది. కాగితం వెతికే టైము లేక పిల్ల ఆ పేరును అరచేతిలో రాసుకుని, చెరిగిపోకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని బస్సెక్కింది.