ట్రక్కు తిరగకపోయినా టైరు పోతుంది

ఏరువాక మొదలైతే ట్రాక్టరుకు ఊపిరాడదు, ట్రక్కుకు మాత్రం సెలవు. ఇంజన్ను ఊడదీసి, ఇనుప చక్రాలు బిగించి దమ్ముకు దింపుతాం. ట్రక్కును దొడ్లోనో, కాలవ గట్టు మీదో, రోడ్డు వారనో వదిలేస్తాం. మళ్లీ దాని ముఖం చూసేది వరి కోతలకే. జూన్ నుంచి నవంబరు దాకా అయిదు నెలలు అది ఎండకు ఎండి, వానకు తడిసి, ఒకే చోట, ఒకే వైపు బరువు మోస్తూ నిలబడి ఉంటుంది. కోతలు రాగానే హడావుడిగా గాలి కొట్టించి అరవై డెబ్బై బస్తాలు ఎత్తుతాం. రెండో ట్రిప్పుకో మూడో ట్రిప్పుకో టైరు పేలితే టైరు కంపెనీని తిడతాం.

కంపెనీలను వెనకేసుకురావడం నా పని కాదు. కానీ మన ట్రక్కు టైర్లలో చాలావాటికి బటన్ అరగకముందే పక్కలు పగులుతున్నాయి. పంక్చరు షాపు ముందు పడేసిన పాత టైర్లను ఒకసారి తిరగేసి చూడండి, మీకే తెలుస్తుంది. లారీ టైరు రోడ్డు మీద అరిగి పోతుంది. మన ట్రక్కు టైరు నిలబడి పోతుంది.

దీనికి కారణం ఉంది. టైరు రబ్బరులో ఎండను, గాలిని తట్టుకోవడానికి మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు వంగుతూ సాగుతూ ఉంటే ఆ మైనం కొద్దికొద్దిగా పైకి వచ్చి పొరలా కాపాడుతుంది. నిలబెట్టేస్తే అది పైకి రావడం తగ్గిపోతుంది. అప్పుడు ఎండ, గాలిలోని ఓజోను కలిసి రబ్బరును పెళుసు చేస్తాయి. పక్కల మీద ముందు వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, తర్వాత అవే నెర్రెలవుతాయి. ఆ నెర్రెల్లోంచి నీరు లోపలి దారాల్లోకి దిగిందంటే టైరు బలం పోయినట్టే, పైకి ఎంత బాగా కనిపించినా సరే.

రెండోది గాలి. ట్యూబులో గాలి పంక్చరు లేకపోయినా నెలనెలా కొంత తగ్గుతూనే ఉంటుంది. గాలి తగ్గిన టైరు మీద ట్రక్కు బరువు పడితే పక్కలు మడత పడతాయి, లోపల ట్యూబు కూడా ముడత పడుతుంది. అయిదు నెలలు అదే మడత మీద ఉంటే అక్కడే తెగుతుంది. అందుకే చతికిలబడిన టైరుకు గాలి కొట్టి వెంటనే లోడు ఎత్తడం చాలా ప్రమాదం. ముందు ఖాళీ ట్రక్కును కొంత దూరం లాగి, దిగి, నాలుగు చక్రాలూ చేత్తో తడిమి చూడాలి. పక్కన బొప్పి లేచి ఉంటే ఆ టైరు వాడకూడదు.

అన్నింటికన్నా మంచి పని ట్రక్కును జాకీతో ఎత్తి ఇరుసుల కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టడం. టైరు నేలకు ఒక అంగుళం పైన ఉంటే చాలు. జాకీ మీదే వదిలేయకండి, దిమ్మెలు సరిగా కూర్చునే దాకా ఎవరూ కిందకు దూరవద్దు. నేల మెత్తగా ఉంటే దిమ్మె కింద బండ వేయాలి, లేకపోతే మొదటి వానకే ఒక పక్కకు ఒరుగుతుంది. రెండు చక్రాల ట్రక్కయితే ముందు కొక్కెం కింద కూడా ఆధారం ఉండాలి.

ఎత్తడం కుదరకపోతే టైర్ల కింద చెక్క పలకలు వేసి, టైరు పక్కన అచ్చు వేసి ఉన్న హద్దు దాటకుండా నిండా గాలి కొట్టించండి. నెలకోసారి ట్రక్కును రెండు మూడు అడుగులు జరపండి. ఇంజన్ కూడా అక్కర్లేదు, నలుగురు చెయ్యేస్తే ఖాళీ ట్రక్కు జరుగుతుంది. అదే రోజు గాలి చూసుకోవచ్చు. వాల్వు మూతలు ఉన్నాయో లేదో చూడండి. పిల్లలు తీసి ఆడుకుంటారు, ఆ మూత లేకపోతే దుమ్ము చేరి గాలి మెల్లగా దిగిపోతుంది.

ఎండ పడే వైపు టైర్ల మీద గోనె పట్టాలో, శుభ్రంగా కడిగిన ఖాళీ ఎరువుల సంచులో కట్టండి. వరిగడ్డి కప్పొద్దు. తడి నిలుస్తుంది, ఎలుకలు చేరతాయి. పేడదిబ్బ పక్కన, నీళ్లు నిలిచే పల్లంలో నిలపొద్దు. తుమ్మచెట్టు నీడ చల్లగానే ఉంటుంది, తీరా లాగేటప్పుడు ముళ్లు లెక్క చెబుతాయి. దసరాకు బండి కడిగి, నల్లగా మెరవాలని డీజిలు గుడ్డతో టైర్లు తుడిచేవాళ్లున్నారు. డీజిలు, గ్రీజు, ఇంజన్ ఆయిలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. పూజకు పసుపు కుంకుమ చాలు, కడగడానికి మంచినీళ్లు చాలు.

ట్రక్కుకు లారీల్లోంచి తీసిన పాత టైర్లు, రీబటన్ వేయించినవి కొనే రైతులే మనలో ఎక్కువ. డబ్బు లేక కొంటాం, దాన్ని తప్పు పట్టను. కానీ కొనేముందు టైరు పక్కన నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. బటన్ బాగుంది కదా అని పదేళ్ల నాటి టైరు కొంటే అది షాపులో నిలబడిన ముసలి టైరే.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఈ ట్రక్కుల్లో ధాన్యమే కాదు మనుషులూ వెళుతున్నారు. ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదన్నది చట్టం, మిరపకోతలకు కూలీలు ట్రక్కుల్లోనే వెళుతున్నారన్నది వాస్తవం. ఊళ్లకు బస్సులు నడపమని మన సంఘం అడుగుతూనే ఉండాలి. బస్సు వచ్చేదాకా ఆ ఆడవాళ్ల ప్రాణం మన టైరు మీద ఆధారపడి ఉంది.

ఇక సర్కారు వాటా. మనం దొడ్లో ఎంత జాగ్రత్తగా దాచినా, ధాన్యం లోడుతో మిల్లు ముందు నిలబెట్టిన నాడు ఆ జాగ్రత్తంతా వృథా. తేమ 17 శాతం దాటిందనో, గోతాలు లేవనో, మిల్లులో చోటు లేదనో ట్రక్కును రెండు రోజులు, మూడు రోజులు ఎండలో నిలబెడతారు. ఖాళీ ట్రక్కు అయిదు నెలలు నిలబడితే జరిగే నష్టం వేరు, నిండు లోడుతో కదలకుండా నిలబడితే జరిగేది వేరు. కిరాయి దూరాన్ని బట్టి లెక్క కడతారు, నిలబడిన రోజుకు మాత్రం లెక్క లేదు. ఒక రోజు దాటితే రోజుకింతని నిరీక్షణ కిరాయి కట్టాలని, దాన్ని రైతు మీద కాకుండా కొనేవాళ్ల మీదే వేయాలని మనం అడగాలి. లేకపోతే ట్రక్కు యజమాని ఆ నష్టాన్ని కౌలు రైతు మీదకే తోస్తాడు. అతనిదీ తప్పని అనలేను, అతని నెత్తిన ట్రాక్టరు వాయిదాలున్నాయి.

2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకు లెక్కేస్తే 1,777 కూడా నిండదు. అదీ మద్దతు ధర దక్కితే. మీ ఊరి షాపులో ట్రక్కు టైరు ధర అడిగి, ఒక్కో టైరుకు ఎన్ని బస్తాలు పోతాయో మీరే వేసుకోండి.

ట్రాక్టరు టైర్లు, ట్యూబుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మరి ట్రాక్టరు వెనక లాగే ట్రక్కు టైరుకు షాపులో ఎంత వేస్తున్నారు? బిల్లు లేకుండా కొంటే ఎవరికీ తెలియదు. పొలం పనికి వాడే టైరు ముందుదైనా వెనకదైనా ఒకటే పన్ను ఉండాలన్నది నా వాదన. ఆ తేదీ తర్వాత ట్రక్కు టైర్లు కొన్నవాళ్లు బిల్లు నకలు మీ గ్రామ శాఖకు ఇవ్వండి. వచ్చే మండల సమావేశానికి నాలుగు ఊళ్ల బిల్లులైనా చేతిలో ఉంటే, పన్ను సంగతి, మిల్లుల ముందు నిలబడిన రోజుల సంగతి ఒకే వినతిపత్రంలో పెట్టొచ్చు. ఊరికొక పెద్ద జాకీ, ఒక గాలి మీటరు ఉమ్మడిగా కొనే విషయం కూడా అదే సమావేశంలో తేల్చుకుందాం.