పత్తికున్న తూకం పత్తి ఏరే మనిషికి లేదు

పత్తి ఏరే రోజుల్లో పొద్దుగూకే వేళకి చేను గట్టున కాటా వేలాడదీస్తారు. కూలి కిలోకి ఇంత అని గనుక ఒక్కో ఆడకూలీ మూటనీ వంద గ్రాములు అటూ ఇటూ పోకుండా తూస్తారు. ఆ మూట మోసుకొచ్చిన మనిషి బరువెంతో ఆసామికి తెలియదు, సర్కారుకు తెలియదు, ఆమెకూ తెలియదు. నెల తప్పి, మూడో నెలలో పేరు రాయించుకోను పోయిననాడు చాలామంది మొదటిసారి త్రాసెక్కుతారు. కార్డు మీద 39 అనో 40 అనో రాస్తారు. ఐదడుగుల ఆడమనిషి 43 కిలోలకు తగ్గితే డాక్టర్ల లెక్కలో బరువు తక్కువ కిందే.

గర్భం రాకముందు తల్లి బరువెంత అన్నది చిన్న సంగతి కాదు. బక్కపలచటి ఒంటితో కడుపు మోసిన తల్లికి నెలలు నిండకముందే కాన్పవడం, రెండున్నర కిలోల లోపు బిడ్డ పుట్టడం ఎక్కువ. బిడ్డకి గుండె, మెదడు రూపు కట్టేది మొదటి మూడు నెలల్లోనే. మనవాళ్లు కార్డు రాయించుకునేసరికి ఆ పని చాలావరకు అయిపోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బరువు తక్కువ స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 14.8, తెలంగాణలో 18.8. గర్భిణులను, కొత్తగా ప్రసవించినవాళ్లను తీసేసి వేసిన లెక్క ఇది. ముందటి సర్వే కన్నా తగ్గిందని పాలకులు చెబుతారు. తగ్గిన మాట నిజమే. ఎవరింట్లో ఎంత మిగిలిందన్నది చెప్పరు. దేశం మొత్తం మీద ఆదివాసీ ఆడవాళ్లలో బరువు తక్కువవాళ్లు అందరికన్నా ఎక్కువ, ఆ తర్వాత దళితులు. ఆస్తి పెరిగేకొద్దీ ఆ అంకె కిందికి దిగుతుంది.

ఇంకో పక్క, ఉండవలసినదానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 36.3, తెలంగాణలో 30.1. "కూలోళ్లు కూడా లావెక్కుతున్నారు, ఇంకేం ఆకలి?" అని మమ్మల్ని ఎగతాళి చేసినవాళ్లున్నారు. రేషన్ బియ్యంతో కడుపు నిండుతుంది, పప్పూ గుడ్డూ ఆకుకూరా కొనాలంటే చేయి ఆడదు. అందుకే లావైనవాళ్లనీ సన్నమైనవాళ్లనీ కలిపి చూస్తే రక్తహీనత ఆంధ్రలో నూటికి 58.8, తెలంగాణలో 57.6. అధిక బరువుతో గర్భం వస్తే బీపీ, షుగరు భయం ఉంటుంది.

దీనికంతటికీ పేదరికమే కారణమా? మేమూ చాలాకాలం అలాగే అన్నాము. 2005 నాటి సర్వేలతో కట్టిన అంచనా ఒకటుంది. గర్భం దాల్చబోయే స్త్రీలలో బరువు తక్కువవాళ్లు మన దేశంలో నూటికి 42 పైన, సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో 16.5. ఆ దేశాలు సగటున మనకన్నా బీదవి! మరి మన ఇళ్లల్లో ఏం జరుగుతోంది? కొత్త కోడలు అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చుంటుంది. అప్పటికి గిన్నెలో మాడు, చారు అడుగూ మిగులుతాయి. పైగా ఆమెకి వయసెంత? ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లవుతోంది. తన ఒళ్లే ఇంకా ఎదగలేదు. ఎర్రజెండా పట్టిన మగాళ్ల ఇళ్లల్లోనూ ఇదే వరస. మా ఇళ్లను మినహాయించి చెప్పడం లేదు.

1975లో అంగన్‌వాడీలు మొదలయ్యాయి. తెలంగాణలో 2015 నుంచి గర్భిణులకి గుడ్డు, పాలతో పూట భోజనం అక్కడే పెట్టడం మొదలుపెట్టారు. మంచిదే, తక్కువ చేయం. కానీ పెళ్లయి ఇంకా నెల తప్పని కోడలికి అందులో వంతు లేదు. ఆ సంగతి చెబితే ఒక ముసలమ్మ మమ్మల్ని అడిగింది: "కడుపొచ్చినాక పెడతారు సరే అన్నా, కడుపు కాలినప్పుడు ఎవరు పెడతారు?" 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలంది. 2017లో వచ్చిన పథకం దాన్ని మొదటి కాన్పుకే, అదీ 5,000కి కుదించింది. 2022 నుంచి రెండో బిడ్డకీ ఇస్తున్నారు, ఆడపిల్ల పుడితేనే.

ఈసారి ఏరుడు కూలి మాట్లాడేటప్పుడు రేటుతోపాటు రెండు సంగతులు పెడుతున్నాము. మధ్యాహ్నం కూర్చుని తినడానికి గంట కోత లేకుండా ఇవ్వాలి. పెళ్లయిన నెలలోనే కోడలి పేరు అంగన్‌వాడీలో ఎక్కించి గుడ్డు ఇవ్వాలని పంచాయతీలో తీర్మానం చేయించాలి. మూడోది మా కమిటీలోనే పెట్టాము: సంఘం సభల్లో ఆడవాళ్ల పంక్తి ముందు వేయాలని. ఇద్దరు ఒప్పుకోలేదు. వచ్చే సమావేశంలో మళ్లీ పెడతాము.