బాణీల జాబితాతో బానిసత్వం పోదు

2022 జనవరి 29 సాయంత్రం, ఢిల్లీలోని విజయ్ చౌక్‌లో జరిగిన బీటింగ్ రిట్రీట్ వేడుకలో ఒక బాణీ వినిపించలేదు. గణతంత్ర ఉత్సవాల ముగింపు ఘడియల్లో, పతాకాలు దించే ముందు, మన సైనిక బ్యాండ్లు దశాబ్దాలుగా వాయిస్తూ వచ్చిన 'అబైడ్ విత్ మీ' అనే క్రైస్తవ ప్రార్థనా గీతమది. 2020లోనే దాన్ని తొలగిస్తారన్న వార్తలు వచ్చాయి. విమర్శలు రేగాక కొనసాగించారు. రెండేళ్లు తిరిగేసరికి అది కార్యక్రమంలో లేకుండా పోయింది. దాని స్థానంలోకి 'ఏ మేరే వతన్ కే లోగో' వచ్చింది. మరుసటి ఏడాది, 2023లో, వాయించబోయే 29 బాణీలూ భారతీయ రాగాల ఆధారంగా రూపొందినవేనని ప్రభుత్వం సగర్వంగా ప్రకటించింది.

వలస పాలన ఆనవాళ్లు తుడిచిపెట్టామని పాలకపక్షం పొంగిపోయింది. గాంధీజీకి ప్రియమైన గీతాన్ని వెళ్లగొట్టారని ప్రతిపక్షం మండిపడింది. రెండు పక్షాలూ చదివింది ఒకే కాగితాన్ని: బాణీల పేర్ల జాబితాను. ఆ బాణీలను బ్యాండుకు అనువుగా ఎవరు కూర్చారు, ఎలా కూర్చారు, ఆ కూర్పులో రాగం బతికిందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పట్టలేదు. సంగీతంలో స్వదేశీ, విదేశీ అనే మాటలకు నిజంగా అర్థమంటూ ఉంటే, అది తేలేది సరిగ్గా అక్కడే.

ముందుగా తొలగించిన గీతం సంగతి. దాన్ని రాసినవాడు హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ అనే మతగురువు. 1847లో, క్షయవ్యాధితో మృత్యువుకు చేరువైన రోజుల్లో. ఇప్పుడు లోకమంతా ఎరిగిన బాణీని విలియమ్ హెన్రీ మాంక్ 1861లో సమకూర్చాడు. ఆ పదాల్లో సామ్రాజ్యం లేదు, రాజు లేడు, విజయగర్వం లేదు. పొద్దుగూకే వేళ మనిషి తోడు కోసం వేసుకునే మొర ఉంది. విజయ్ చౌక్‌లో ఆ పదాలు కూడా వినిపించేవి కావు. వినిపించింది వట్టి బాణీ. బ్యాండ్లు మంద్రంగా వాయిస్తుండగా, దూరాన అమర్చిన గొట్టపు గంటలు బదులు పలికేవి. మైదానం విశాలతను, మసక చీకటిని, ఆ దూరాన్ని కూడా వాద్యాలుగా మలచుకున్న కూర్పు అది. మాంక్ బాణీ చర్చి గోడల మధ్య పుట్టింది. రైసీనా కొండ దిగువన అది విన్నవారికి గుర్తుకొచ్చింది చర్చి కాదు. ఇంటికి తిరిగి రాని సైనికుడు.

ఇక తొలగింపు వెనుక ఉన్న తర్కాన్ని చివరంటా తీసుకెళ్దాం. పరాయిది పోవాలన్నదే నియమమైతే బీటింగ్ రిట్రీట్ అనే తంతే మిగలదు. సాయంత్రం కాగానే డప్పుల మోతతో సైనికులను శిబిరాలకు వెనక్కు పిలిచే ఇంగ్లండు ఆచారం దాని మూలం. 1950ల తొలినాళ్లలో మన సైన్యంలోని మేజర్ రాబర్ట్స్ దాన్ని సామూహిక బ్యాండ్ల ప్రదర్శనగా తీర్చిదిద్దాడు. క్లారినెట్, ట్రంపెట్, యూఫోనియం, ట్యూబా, సైడ్ డ్రమ్, బ్యాగ్‌పైపు: వీటిలో ఒక్కటీ ఈ నేల మీద పుట్టింది కాదు. పతాకాలు దిగే వేళ ఊదే బ్యూగిల్ పిలుపూ మనది కాదు. అవన్నీ ఉండవచ్చు, ఒక్క ప్రార్థనా గీతం మాత్రమే వలస అవశేషం! ఏరివేత ఇంత ఎంపికగా సాగినప్పుడు, అడ్డు వచ్చింది దాని పుట్టుకా లేక దాని మతమా అని పౌరుడు అడుగుతాడు. అడగాలి కూడా. బ్రిటిష్ వాడు ఈ తీరానికి చేరడానికి ఎన్నో శతాబ్దాల ముందే కేరళలో క్రైస్తవులున్నారు. వారి వారసులు ఇవాళ ఇదే సైన్యంలో పనిచేస్తున్నారు.

'భారతీయ రాగాలు' అన్న ప్రకటన విషయానికొస్తే, అది ఎంత బరువైన మాటో చెప్పినవారికి తెలిసినట్టు లేదు. ఉదాహరణకు మోహన రాగం తీసుకోండి. హిందుస్తానీలో దాదాపు ఇదే భూపాలి. స, రి, గ, ప, ద అనే అయిదు స్వరాలే దాని ఆస్తి. మధ్యమం, నిషాదం దానికి నిషిద్ధం. బ్యాండు సంగీతమేమో స్వరాలను గుత్తులుగా పేర్చే హార్మొనీ మీద నిలబడుతుంది. ఆ పద్ధతికి మూడు గుత్తులు మూలస్తంభాలు: స-గ-ప, మ-ద-స, ప-ని-రి. రెండో దానిలో మధ్యమం ఉంది, మూడో దానిలో నిషాదం ఉంది. అంటే, మోహనకు అలవాటు ప్రకారం హార్మొనీ తొడిగిన మరుక్షణమే రాగం ఏ స్వరాలను గుమ్మం బయట నిలబెట్టిందో అవే పెరటి దారిన ఇంట్లోకి వచ్చేస్తాయి. ఇక గమకాలు. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలకడం రాగానికి ప్రాణం. మీటలున్న వాద్యాలను ఇరవై ముప్పై మంది కవాతు చేస్తూ ఏకకాలంలో వాయించేటప్పుడు ఆ ప్రాణాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో వాయించేవారికే తెలుసు.

ఇది అసాధ్యమని నా వాదన కాదు. హార్మొనీ మానేసి ట్యూబాలతో శ్రుతి పట్టించవచ్చు. గుత్తులకు బదులు యూఫోనియం చేత రాగ పరిధిలోనే ఎదురు పాట పాడించవచ్చు. డప్పు దరువునో తవిల్ నడకనో సైడ్ డ్రమ్‌లకు పంచవచ్చు. ఇవన్నీ వాద్యాలకు బాణీని పంచి రాసే మనిషి, సినిమావాళ్ల మాటలో అరేంజర్, తీసుకునే నిర్ణయాలు. ఆ నిర్ణయాలు సరిగ్గా లేకపోతే, పేరు రాగానిదే అయినా చెవికి తగిలేది పాశ్చాత్య కవాతు బాణీయే. జాబితా స్వదేశీ అయినంత మాత్రాన సంగీతం స్వదేశీ కాదు.

ఈ విద్య మనకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసు సెయింట్ జార్జి కోటలో విన్న ఆంగ్ల బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు రచించారు. బ్రిటిష్ రాజును కాపాడమని దేవుణ్ణి వేడుకునే బాణీ ఆయన చేతిలో శ్యామలాదేవి స్తుతి అయింది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చి కచేరీకి తెచ్చారు; విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతికి వచ్చేసరికి ఆ వాద్యం పుట్టుక అడిగే సాహసం ఎవరికీ లేకపోయింది. ఎదురు దిశలోనూ ఇదే జరిగింది. పురుషోత్తమ చౌదరి వంటి కవులు తెలుగు క్రైస్తవ కీర్తనలను మన రాగతాళాల్లో కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపాటకూ రాగం పేరు అచ్చయి ఉంటుంది. అరువు బాణీకి అమ్మవారి స్తుతి, అరువు మతానికి మన రాగం: ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఎవరి దేశీయతా తరిగిపోలేదు.

స్వాతంత్ర్య సమరమే దీనికి అందరికన్నా పెద్ద సాక్షి. ఆజాద్ హింద్ ఫౌజ్ బ్యాండును నడిపిన కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ బ్రిటిష్ ఇండియా సైన్యపు గూర్ఖా దళంలోనే బ్యాండు విద్య నేర్చాడు. ఆ విద్యతోనే నేతాజీ సైనికుల చేత 'కదమ్ కదమ్ బఢాయే జా' బాణీకి అడుగులు వేయించాడు. దొర నేర్పిన వాద్యం గనుక పారేద్దామని ఆయన అనుకోలేదు. 'అబైడ్ విత్ మీ' స్థానంలో వచ్చిన పాట సంగతీ చూడండి. కవి ప్రదీప్ రాయగా, సి. రామచంద్ర స్వరపరచగా, 1963 జనవరి 27న లతా మంగేష్కర్ పాడిన ఆ గీతం మహత్తరమైనది; దానితో ఎవరికీ పేచీ లేదు. అయితే అది పుట్టిన బొంబాయి సినీ సంగీత ప్రపంచానికి వాద్యబృందాల కూర్పు నేర్పినవారిలో సెబాస్టియన్ డిసౌజా, ఆంథొనీ గొన్సాల్వెస్ వంటి గోవా క్రైస్తవులు అగ్రగణ్యులు. గోవాలో ఊరూరా చర్చి అనుబంధ పాఠశాలల్లో పిల్లలకు స్వరం రాయడం, చదవడం నేర్పిన సంప్రదాయం వారి వెనుక ఉంది. ప్రార్థనా గీతాన్ని ముందు గుమ్మం నుంచి పంపేశామని సంతోషించేవారు, ఆ గీతాలు పెంచిన విద్య ఇంటి నడుమ కూర్చుని ఉందని గుర్తించరు.

ఈ విస్మృతి ఒక్క పార్టీ సొత్తు కాదు. 1948 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో జాతీయ గీతంపై ప్రకటన చేస్తూ నెహ్రూ, గీతానికి మాట కన్నా బాణీ ముఖ్యమనీ, వాద్యబృందాలు, బ్యాండ్లు దాన్ని వాయించగలగాలనీ వివరించారు. 1947లో ఐక్యరాజ్యసమితి వేదికపై 'జనగణమన' వాద్యబృందం చేతిలో ఆకట్టుకున్న తీరును ఉదాహరించారు. 'వందేమాతరం' కూడా బ్యాండుకు ఒదుగుతుందని నిరూపించడానికి మాస్టర్ కృష్ణరావ్ ఫులంబ్రీకర్ పట్టుదలతో శ్రమించారు, ఫలితం దక్కలేదు. 'జనగణమన' వాద్య రూపానికి ఆంగ్ల స్వరకర్త హెర్బర్ట్ మర్రిల్ చేయి కూడా తోడయింది. అంతకు ముందు 1919లో టాగూరు మదనపల్లెలో బస చేసినప్పుడు, ఐర్లండుకు చెందిన మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి కూర్చడంలో పాలుపంచుకున్నారు. ఇలా కవి బెంగాలీ, స్వరలిపి రాసిన చోటు రాయలసీమ, రాసిన చేయి ఐరిష్, వాద్య రూపం దిద్దింది ఆంగ్లేయుడు. గీతం మాత్రం నిస్సందేహంగా మనది. అయితే నెహ్రూ కాలం కూడా బ్యాండును తీర్పరిగా కూర్చోబెట్టిందే తప్ప, అరేంజర్‌ను పనివాడిగా గుర్తించి పెంచలేదు. 2025 డిసెంబరులో 'వందేమాతరం' నూటయాభై ఏళ్ల సందర్భంగా పార్లమెంటులో సాగిన సుదీర్ఘ చర్చ కూడా 1937 నాటి నిర్ణయం చుట్టూ, తగ్గిన చరణాల చుట్టూనే ప్రధానంగా తిరిగింది.

సరిహద్దు అవతల పరిస్థితీ ఆసక్తికరమే. పాకిస్థాన్ జాతీయ గీతానికి ముందు పుట్టింది బాణీ. అహ్మద్ గులామ్ చాగ్లా 1949లో దాన్ని కూర్చాడు. 1950లో ఇరాన్ షా వచ్చినప్పుడు బ్యాండు దాన్ని మాటలు లేకుండానే వాయించింది. హఫీజ్ జలంధరీ మాటలకు 1954లో గానీ ఆమోదం రాలేదు. మన బీటింగ్ రిట్రీట్‌లో ఇప్పటికీ చివరగా వాయించేదేమో 'సారే జహాఁ సే అచ్ఛా'. ఆ కవి ఇక్బాల్ 1930లో అలహాబాదు వేదికపై వాయవ్య భారతంలో ముస్లిం రాజ్యం కోరిన మనిషి. అయినా ఎ. లోబో కూర్చిన కవాతు రూపంలో ఆ గీతం మన సైనికుడి అడుగయింది. కవి రాజకీయాలను దాటి బాణీని సొంతం చేసుకోగల విశాలత ఈ గణతంత్రానికి ఉన్నప్పుడు, ఒక వృద్ధాప్యపు వేళ ప్రార్థనకు మాత్రం చోటు ఎందుకు ఉండకూడదు?

తెలుగువాళ్లం ఈ జబ్బుకు అతీతులమేమీ కాదు. 2024లో అందెశ్రీ 'జయ జయహే తెలంగాణ'ను రాష్ట్ర గీతంగా తీర్చిదిద్దుతున్నప్పుడు, స్వరపరుస్తున్న కీరవాణి ఏ ప్రాంతంవాడన్నది వివాదమయింది. ఉద్యమ కాలపు గాయాలున్న నేల మీద స్థానిక కళాకారుల ఆవేదనను తేలిగ్గా తీసిపారేయలేం. అవకాశాల పంపకం న్యాయమైన ప్రశ్న. కానీ స్వరకర్త పుట్టిన ఊరితో పాట యోగ్యత తేల్చడం వేరు. ఢిల్లీలో ఒక గీతానికి పెట్టిన పరీక్షనే మనం హైదరాబాదులో ఒక మనిషికి పెట్టాం.

స్వతంత్ర దేశం తన బాణీలు తాను వాయించుకుంటే తప్పేమిటని అడిగేవారున్నారు. ఏ తప్పూ లేదు. అయితే ఇరవై తొమ్మిది బాణీల కార్యక్రమంలో కొత్తవాటికి చోటివ్వడానికి పాత గీతం ఒక్కదాని మెడపట్టి గెంటనవసరం లేదు. పైగా నిజంగా కావలసింది తొలగింపు కాదు, పెంపకం. ప్రతి బాణీ పక్కన దాన్ని బ్యాండుకు కూర్చిన సైనిక సంగీతకారుడి పేరు ప్రకటించండి. 1950లో పచ్‌మఢీలో నెలకొన్న సైనిక సంగీత శిక్షణ విభాగంలో రాగాధారిత కూర్పును ప్రత్యేక విద్యగా బోధించండి. ఆ స్వరప్రతులను అచ్చువేసి పోలీసు బ్యాండ్లకు, పాఠశాలలకు ఉచితంగా పంచండి. మన ఊళ్లలో పెళ్లి ఊరేగింపుల ముందు నడిచే బ్యాండు మేళాల వైపు కూడా ఒకసారి చూడండి: చెవితో విన్న పాటను కాగితం లేకుండానే క్లారినెట్‌కు, ట్రంపెట్‌కు, డ్రమ్ముకు పంచుకునే ఆ కళాకారులు, అత్యధికులు అట్టడుగు కులాలవారు, ఈ దేశపు అసలైన అరేంజర్లు. స్వదేశీ బ్యాండు సంగీతం గురించి ప్రసంగించే ఏ ప్రభుత్వమైనా ముందుగా శిక్షణ, గౌరవం, పింఛను ఇవ్వవలసింది వారికి.

'అబైడ్ విత్ మీ'ని తిరిగి చేర్చండి. కావాలంటే ట్యూబాలతో శ్రుతి పట్టించి, దూరపు గంటలను అలాగే ఉంచి, మన సంగీతకారుడొకరి చేత కొత్తగా రాయించండి. అప్పుడు దాన్ని విదేశీ అనగలిగే వారెవరో చూద్దాం. పరాయి బాణీని మనది చేసుకోలేని భయాన్ని ఆత్మగౌరవమని పిలవడం మాత్రం ఇకనైనా మానాలి.