రంధ్రమున్న చోట తీగ ఉండవలెను

పాత కారును బాగుచేయించడమంటే రంగు వేయించి, మెరుగు పెట్టించి, పెండ్లి ఊరేగింపులకు తిప్పడమేనని మనవారిలో చాలామంది అభిప్రాయం. కంటికి కనబడని చోట ఏమి చేసినా, చేయకపోయినా అడిగే నాథుడు లేడు. ఈ ధోరణిని నేను ఖండిస్తున్నాను. నాకు దొరికిన నిదర్శనం మూరెడు ఉక్కుతీగ.

మా మేనల్లుని వద్ద 1930 నాటి ఫోర్డు మోడల్ ఏ కారు ఉన్నది. నాలుగు సిలిండర్ల ఇంజిను, 40 గుర్రాల బలం. ఇంజినును పూర్తిగా విప్పి మరల బిగిస్తున్నారని తెలిసి చూడబోయాను. ఫ్లైవీలును క్రాంకు షాఫ్టునకు పట్టి ఉంచే బోల్టులు నాలుగు. ఒక్కొక్కదాని తలలో అడ్డంగా తొలిచిన సన్నని రంధ్రం. నాలుగు రంధ్రాలూ ఖాళీ!

"తీగ ఏదయ్యా?" అన్నాను.

"అది పాతకాలపు పద్ధతి మాస్టారూ. ఇప్పుడు మరలకు గమ్ము పూస్తే చాలండీ" అన్నాడు మేస్త్రీ. "కొత్త బండ్లలో ఎక్కడైనా తీగ చూశారా మామయ్యా?" అని మావాడు వంతపాడాడు.

తెలుగు పండితునికి ఇంజిన్ల సంగతి ఎందుకని కొందరు నవ్వవచ్చు. మా తండ్రిగారు లారీల మేస్త్రీ. అక్షరాలు దిద్దే వయసులోనే ఆయన ప్రక్కన కూర్చుని తీగ మెలివేయడం నేర్చుకున్నవాడను.

పాతకాలపు పద్ధతి అన్న మాటకు ముందుగా జవాబు. నేటికీ విమానాల ఇంజిన్లలో బోల్టులకు తీగ కడుతూనే ఉన్నారు. ఆకాశంలో ఎగిరేవాడికి పాతబడని జాగ్రత్త నేల మీద తిరిగేవాడికి ఎట్లా పాతబడింది? ఇక కొత్త బండ్ల మాట. వాటి బోల్టుల ఉక్కు వేరు, బిగింపు లెక్క వేరు. అనేక ఇంజిన్లలో బోల్టును ఒకసారి విప్పితే మరల వాడరాదు. ఆ లెక్క దానిని చేసినవారిది. మోడల్ ఏ చేసినవారు బోల్టు తలను తొలిచారు. ఆ రంధ్రమే వారి ఆదేశం. అక్షరం ప్రక్కన సున్న ఎందుకని చెరిపివేసేవాడు భాషను సంస్కరించినట్లు కాదు.

రెండవది గమ్ము. 1953లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వెర్నన్ క్రీబుల్ కనిపెట్టిన ఈ పదార్థం గాలి తగలని లోహపు సందులో గట్టిపడుతుంది. మంచి వస్తువే, కాదనను. కాని మరలపై జిడ్డు ఉంటే దాని పట్టు తగ్గుతుంది. ఎంత పూశారో, అసలు పూశారో లేదో బోల్టు బిగించిన తరువాత చూచి చెప్పలేము. తీగ అట్లా కాదు. కట్టారా లేదా అన్నది పసివాడైనా చెప్పగలడు.

అయితే తీగను దైవంగా కొలిచేవారితోనూ నాకు పేచీ ఉన్నది. తీగ బోల్టును బిగించదు. బిగువు టార్క్ రెంచితోనే రావాలి. అడ్డంగా వచ్చే అదురుకు మరలు జారి బోల్టు తనంతట తానే ఎట్లా వదులవుతుందో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రయోగపూర్వకంగా చూపాడు. తగిన బిగువే దానికి మొదటి మందు. తీగ కాపలాదారు మాత్రమే. వదులైన బోల్టు ఊడి రాకుండా పట్టుకుంటుంది. చేత్తో బిగించి పైన తీగ చుట్టడం తలుపు వేయకుండా తాళం పెట్టడమే.

కట్టేటప్పుడు కొన్ని నియమాలు తప్పరాదు. ముందు బోల్టును లెక్క ప్రకారం బిగించాలి. రంధ్రం దారికి రాలేదని దానిని వెనుకకు త్రిప్పరాదు. అవసరమైతే బోల్టునే మార్చాలి. రెండు పోగులను సమంగా మెలివేయాలి. ఒక బోల్టు వదులు కాబోతే తీగ రెండవదానిని బిగించే వైపునకు లాగేటట్లు కట్టాలి. చివరను లోపలికి వంచాలి. ఒకసారి విప్పిన తీగను మరల వాడరాదు.

ఇంత పట్టుదల దేనికంటారా? ఆ ఫ్లైవీలు బరువు పాతిక కిలోలకు పైమాట. నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. అది వదులైతే వచ్చే చప్పుడు బేరింగు చప్పుడును పోలి ఉండి ఎందరినో మోసగిస్తుంది. ఏకంగా ఊడితే? డ్రైవరు కాళ్ళు దానికి ఎంతో దూరాన లేవు. ఆ కారులో రేపు కూర్చునేది నా మేనల్లుని పిల్లలు.

ఆనాడు నేను కదలలేదు. తీగ తెప్పించి, నా ఎదుటనే కట్టించి, ఆ తరువాతనే పైకప్పు మూయనిచ్చాను. పని అరగంట.

పాత కార్లు బాగుచేయించే మహాశయులకు నా మనవి ఒక్కటే. రంగు ఎప్పుడైనా చూడవచ్చు. ఫ్లైవీలు మూయకముందు వెళ్ళి, తీగ చూపించమని అడగండి. చూపించలేనివానికి డబ్బు చెల్లించకండి.